నలభై ఒక్క వీశెలు

బాధని తూకం వెయ్యొచ్చని ఎవరైనా అంటే ఒకప్పుడు నూకరత్నం నవ్వి ఊరుకునేది. చేపలమ్ముకునే ఇంట్లో పుట్టింది, తూకమంటే ఏమిటో ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు. అలాంటి మనిషి కాకినాడలో ఒక పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్‌గా చేరిన ఆరో ఏట, తన చేతుల్తో తనే మనుషుల నుదుటికి పట్టీలు కట్టి, తెర మీది అంకె చూసి "మూడు వీశెలండి", "అయిదు వీశెలండి" అని డాక్టరుగారికి చెప్పే రోజు వచ్చింది.

వీశె అన్న పాతకాలపు తూకం పేరు కూడా ఆవిడ పెట్టిందే. డాక్టర్ వేదవల్లి పెట్టిన అసలు పేరు బారెడు పొడుగుండేది, పలికేసరికి రోగికి నిద్ర వచ్చేది. వేదవల్లి మనోవైద్యురాలు. యాభై దాటిన మనిషి, నవ్వడం తక్కువ, కాఫీ ఎక్కువ. ఇరవై ఏళ్ళు వెతగ్గా ఆవిడకి దొరికింది ఒక్కటే. మనసు కుంగినవాళ్ళ మెదడు అడుగున నిదానంగా కదిలే ఒక అల ఉంటుంది, రోగం ముదిరేకొద్దీ ఆ అల లావెక్కుతుంది. ఆ లావునే వీళ్ళు వీశెల్లో కొలిచేవారు. మామూలు మనుషులకి రెండో మూడో ఉంటాయి. సున్నా మాత్రం ఎవరికీ లేదు. నూకరత్నం తనది చూసుకుంటే మూడు తేలింది. "ఫర్లేదు, ఇద్దరు పిల్లల తల్లివి కదా" అంది డాక్టరు. ఆవిడ హాస్యమాడగా నూకరత్నం వినడం అదే మొదలు, ఇంచుమించు అదే ఆఖరు.

అంతవరకూ బాగానే ఉంది. అసలు వింతేమిటంటే, ఆ అల ఒకరి నుంచి ఒకరికి పారేది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ఒకే తాడు రెండు కొసలూ పట్టుకుని, ఒకే ఊపులో ముందుకీ వెనక్కీ ఊగుతూంటే కాసేపటికి ఇద్దరి ఊపిరీ ఒకటయ్యేది. అప్పుడు పట్టీల మీద పచ్చదీపం వెలిగేది. నూకరత్నం మీట నొక్కి దారి తెరిస్తే, బరువున్నవాళ్ళ నుంచి లేనివాళ్ళలోకి అల పారి, రెండువైపులా సమానమయ్యాక ఆగేది.

మొట్టమొదట కూర్చున్నది ఒక స్కూలు మేష్టారు, ఆయన భార్య. ఆయనకి ముప్ఫై, ఆవిడకి మూడు. అరగంట తర్వాత చూస్తే ఇద్దరికీ పదహారున్నరే. మేష్టారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, రోడ్డు మీద అరటిపళ్ళ బండిని అదేపనిగా చూశాడు. నాలుగేళ్ళ తర్వాత పసుపురంగు పసుపుగా కనిపిస్తోందని ఏడ్చాడు. డాక్టరుగారి చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది.

తొమ్మిదో రోజున ఆ మేష్టారే భార్యని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. పొయ్యి మీద పాలు పొంగి పోతూంటే ఆవిడ అలా చూస్తూ నిలబడుతోందట. పిలిస్తే పలకడం లేదట. "నాది నాకిచ్చెయ్యండి డాక్టరుగారూ, నేను మోసుకుంటాను" అన్నాడాయన. మీట వెనక్కి తిప్పి, వచ్చిన దారినే ఇచ్చేశారు. మళ్ళీ ముప్ఫై, మూడు. పాత మందులే మళ్ళీ మొదలుపెట్టారు. రెండు అంకెలూ ఎప్పుడు కూడినా ముప్ఫై మూడే, గోరంత తేడా లేదు. బరువు తగ్గలేదు, చేతులు మారిందంతే. వేదవల్లి ఆ సాయంత్రమే పట్టీలు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి హ్యాండుబ్యాగులో వేసుకుంది.

ఇక నూకరత్నం ఇంటి సంగతి చెప్పాలి. వాళ్ళది కాకినాడకి దిగువన సముద్రం ఒడ్డున ఉన్న కొత్తదిబ్బ అనే ఊరు. తల్లి పోలమ్మ, తమ్ముడు సింహాద్రి అక్కడే ఉంటారు. సింహాద్రి సరంగు, అంటే పడవకి పెద్ద. కిందటి తుపానులో నలుగురు వేటకి వెళ్ళారు, మూడో రోజున ఒక ఖాళీ క్యాను పట్టుకుని సింహాద్రి ఒక్కడే ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. మిగిలిన ముగ్గురినీ గంగమ్మ తీసుకుంది.

ఆ ముగ్గురి పేర్లు ఇక్కడ చెప్పకూడదు. కొత్తదిబ్బలో అదొక కట్టుబాటు. సముద్రం తీసుకున్నవాళ్ళ పేరు ఏడాది తిరిగేదాకా ఎవరూ నోటితో పలకరు. గంగమ్మ ఒడిలో సర్దుకుంటున్న ప్రాణం తనని పిలుస్తున్నారనుకుని ఒడ్డు వైపు తిరుగుతుందట, తిరిగి నడిమధ్యలో దారి తప్పుతుందట. పేరు రాకూడదంటే వాళ్ళ ఊసు రాకూడదు, ఊసు రాకూడదంటే ఆ ఊసు వచ్చే ఇంటికి వెళ్ళకూడదు. అలా ముగ్గురి భార్యలూ సింహాద్రి గుమ్మం వైపు రావడం మానేశారు. ఎదురుపడితే తల దించుకుని పోయేవారు. ఊరు ఊరంతా అంతే.

సింహాద్రి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పది నెలలైంది. మాట లేదు. పోలమ్మ నోట్లో పెడితే రెండు ముద్దలు మింగేవాడు. పెద్దాసుపత్రి మందులతో నిద్రయితే పట్టింది గానీ నోరు తెరుచుకోలేదు. రెండుసార్లు పొద్దున్నే లేచి నీళ్ళలోకి నడిచిపోతూంటే వలలవాళ్ళు చూసి లాక్కొచ్చారు. రెండోసారి తర్వాత నూకరత్నం కొలవడానికి మాత్రమేనని డాక్టరుగారిని అడిగి ఒక పట్టీ తెచ్చి తమ్ముడికి కట్టి చూసింది. నలభై ఒకటి. అంత అంకె ఆ తెర మీద అంతకుముందు ఎప్పుడూ పడలేదు. మూడోసారికి వలలవాళ్ళు చూడకపోవచ్చు. అదీ ఆవిడ భయం.

మర్నాడు డాక్టరుగారి ముందు నిలబడి, తనకీ తమ్ముడికీ తాడు కట్టమంది. లెక్క కూడా చెప్పింది. నలభై ఒకటీ మూడూ నలభై నాలుగు, చెరి ఇరవై రెండు.

"ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి పడుకుంటారు. మీ అమ్మ ఎంతమందికి ముద్దలు పెడుతుంది?" అంది వేదవల్లి.

మరి ఇంకా ఎక్కువమందిని కూర్చోబెట్టకూడదా అని నూకరత్నం అడిగింది. నూకరత్నం సెలవులో ఉండగానే ఆ ప్రయత్నం అయిందని డాక్టరు చెప్పింది. నలుగురు మనుషుల్ని తెచ్చి, గడియారం టిక్కుటిక్కు వినిపిస్తూ తాడు లాగమంటే నలుగురూ నాలుగు రకాలుగా లాగారట. ఊపిరి కలవలేదు, దీపం వెలగలేదు. ఒకరంటే ఒకరికి తెలియని మనుషుల ఒళ్ళు అంత తేలిగ్గా కలవవట.

నూకరత్నానికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మేడమ్, మా ఊళ్ళో రోజూ పొద్దున్న అరవైమంది ఒక్క ఊపున తాడు లాగుతారండి. అలివి వల లాగడం ఎప్పుడైనా చూశారా?" అంది.

చూడలేదు. ఆ ఆదివారం నూకరత్నం ఆవిణ్ణి తీసుకెళ్ళి చూపించింది. పడవ వెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంగా వల వేసి వస్తుంది. దాని రెండు తాళ్ళ కొసలూ ఒడ్డున ఉంటాయి. ఆడా మగా అరవైమంది రెండు వరసలుగా నిలబడి, ఒకడు పదం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటూ, మడమలు ఇసకలో తన్నిపెట్టి రెండు గంటలు లాగుతారు. ఎవరూ ఎవర్నీ చూసుకోరు, అయినా ఒక్క అడుగు తప్పదు. పదం ఎత్తుకునేవాడు గవర్రాజు. ఐసు అమ్ముతాడు. కొత్తదిబ్బలో ఎవరికి నవ్వు కావాలన్నా ఆయన బండి దగ్గరికే వెళ్ళేవారు. వేదవల్లి చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నిలబడి రెండు గంటలూ కళ్ళార్పకుండా చూసింది. కాకినాడ చేరాక హ్యాండుబ్యాగులోంచి తాళంచెవి తీసి నూకరత్నం చేతిలో పెట్టింది.

డెబ్భై పట్టీలు తయారు చెయ్యడానికి నెల పట్టింది. ఈలోగా ఊరివాళ్ళకి చెప్పాలి. చెప్పకుండా ఒక్కరికి కూడా పట్టీ కట్టనని డాక్టరు పట్టుబట్టింది. వలల పాకలో అందర్నీ కూర్చోబెట్టి, ఏం జరుగుతుందో, ఏం పోతుందో దాచకుండా చెప్పింది. బరువు మాయం కాదు, మీలోకి వస్తుంది, ఒక్కొక్కరికీ వీశెకి తక్కువే అయినా వస్తుంది. కొన్నాళ్ళు ఊరికే దిగులు వెయ్యొచ్చు, అన్నం సహించకపోవచ్చు. ఇష్టమైనవాళ్ళే రండి అంది. ముందు కూర్చున్నవాళ్ళు వస్తామని తలలూపారు. వెనకాల గుంజకి ఆనుకుని కాశమ్మ కూర్చుంది. పోయిన ముగ్గురిలో పెద్దవాడి భార్య. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. మాటలు పూర్తి కాకుండానే తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. తమ్ముణ్ణి వాళ్ళు క్షమించరు, క్షమించమని అడగడానికి మనకి మొహమెక్కడిది అనుకుంది నూకరత్నం.

పోలమ్మ బాధ వేరు. యంత్రమైనా సరే, అమ్మవారి పాదాల దగ్గర పెట్టకుండా తన కొడుకు నుదుటికి కట్టనివ్వనంది. వేదవల్లి భయమల్లా పసుపునీళ్ళు లోపలికి పోయి పట్టీలు చెడిపోతాయని. చివరికి గంగమ్మ గుడిలో డెబ్భై పట్టీలనీ పళ్ళేల్లో పేర్చి, పసుపు నీళ్ళతో కాకుండా పొడిగా చల్లేట్టు ఒప్పందం కుదిరింది. ఆ సంగతి తెలిసి చర్చి వీధివాళ్ళు పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన గుడి బయట నిలబడి ప్రార్థన చేశాడు. వేదవల్లి దేవుణ్ణి నమ్మే మనిషి కాదు. అయినా పూజారిణి పసుపు వేలితో నుదుటి మీద బొట్టు పెడుతూంటే తల వంచింది.

ఆ రోజు పొద్దున సముద్రం నిమ్మళంగా ఉంది. పడవ వెళ్ళి వల వేసి వచ్చింది. గొడుగు కింద బల్ల మీద తెర పెట్టుకుని, నూకరత్నం ఒక్కొక్కరికీ పట్టీ కట్టి అంకె చూడసాగింది. రెండు. మూడు. రెండున్నర. మూడు. గవర్రాజు వచ్చి నుదురు ముందుకి పెట్టాడు. ముప్ఫై మూడు.

పట్టీ చెడిందనుకుని ఇంకోటి కట్టింది. ముప్ఫై మూడు.

"మిషనీ సెడిపోయిందేటమ్మా?" అన్నాడు గవర్రాజు నవ్వుతూ.

"ఆయ్, చెడిపోయింది బాబాయ్" అంది నూకరత్నం. ఇంకేమనాలో తెలియలేదు.

ఆయన తెర వైపు చూసి, గొంతు తగ్గించి, "సెడిపోలేదులే అమ్మా, కట్టెయ్" అన్నాడు. పదం ఎత్తుకోవడానికి వెళ్ళిపోయాడు. ఊరికి వచ్చినప్పుడల్లా ఆయన బండి దగ్గర నిలబడి నవ్విన మనిషే నూకరత్నం. ఏనాడూ ఆయన్ని ఎలా ఉన్నావని అడిగినట్టు గుర్తులేదు. ఆవిడకి సిగ్గేసింది.

ఆఖర్న డాక్టరే వచ్చి కూర్చుంది. ఊరివాళ్ళని మొయ్యమని తను గొడుగు కింద కూర్చోనంది. పదిహేను వీశెలు. నూకరత్నం తలెత్తి చూసింది.

"మా చెల్లెలు. ఇరవై ఏళ్ళయింది పోయి. ఈ పనంతా దానికోసమే మొదలెట్టాను, అప్పటికే ఆలస్యమైంది" అంది వేదవల్లి. అని లేచి, తాళ్ళ దగ్గరికి నడిచి, పైకి వినపడేలా చెప్పింది. అనుకున్నదానికంటే బరువు ఎక్కువుంది. ఒక్కొక్కరికీ వీశెన్నర దాకా పడొచ్చు. ఒక్కడిదే కాదు, ఇక్కడ ఇంకొందరిది కూడా ఉంది. ఇష్టం లేనివాళ్ళు పట్టీ తీసెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు.

"ఎవరిదండి?" అని ఎవరో అడిగారు.

"చెప్పను."

ఒక ముసలాయన "ఆయ్, అక్కర్లేదులెండి" అని చేతుల్లో ఉమ్ముకుని తాడు పట్టుకున్నాడు. ఒక్క పట్టీ కూడా ఊడలేదు.

సింహాద్రిని పోలమ్మా ఇంకో ఇద్దరూ నడిపించుకొచ్చి కుడి తాడు చివర కూర్చోబెట్టారు. తాడు తెచ్చి ఒళ్ళో పెట్టారు. అతను దాన్ని చూడలేదు, సముద్రాన్ని కూడా చూడలేదు. గవర్రాజు పదం ఎత్తుకున్నాడు. అరవైమంది అందుకున్నారు. మడమలు దిగాయి, తాళ్ళు బిగిశాయి. తెర మీద ఒక్కొక్క పేరు పక్కనా పచ్చదీపం వెలుగుతూ వచ్చింది. పది. ముప్ఫై. యాభై. ల్యాబులో నలుగురికి ఒక్కసారీ వెలగని దీపం ఇక్కడ పావుగంటలో అరవై ఒక్కమందికి వెలిగింది. ఒక్కటి మాత్రం ఎర్రగా ఉండిపోయింది. తాడు సింహాద్రి ఒళ్ళోంచి జారి ఇసకలో ఈడ్చుకుపోతోంది, అతను చెయ్యి వెయ్యడం లేదు. అందరి దీపాలూ వెలగందే దారి తెరుచుకోదు. నూకరత్నం మీట మీద వేలు పెట్టుకుని తమ్ముణ్ణి చూస్తూ నిలబడింది. గంట గడిచింది. వల సగం దూరం వచ్చేసింది. వల ఒడ్డెక్కితే లాగడానికి ఏమీ ఉండదు, ఇంతమందిని మళ్ళీ మళ్ళీ అడగడానికి నోరూ రాదు.

అప్పుడు ఇసకలో కాశమ్మ వస్తూ కనిపించింది. నెత్తిన తట్ట లేదు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి నుదురు చూపించింది. నూకరత్నం పట్టీ కట్టింది. ఇరవై ఏడు. కాశమ్మ తెర వైపు చూడలేదు. వెళ్ళి సింహాద్రి ఎదురుగా ఇసకలో చతికిలబడింది.

"సింహాద్రీ, పదకొండు నెలల నుంచి నిన్నొక్క మాట అడుగుదామని తిరుగుతన్నాను. ఏడాది తిరక్కుండా ఊసెత్తకూడదన్నారు. ఇంక నావల్ల కాదు. సూరన్న ఆఖర్న నీతో ఏవన్నా అన్నాడా?"

తాళ్ళు ఆగిపోయాయి. పదం ఆగిపోయింది. పోయినవాడి పేరు ఏడాది తిరక్కుండా పలికింది. అదీగాక పెళ్ళయిన పాతికేళ్ళలో కాశమ్మ మొగుడి పేరు నోటితో అనగా విన్నవాళ్ళు లేరు. పోలమ్మ రెండు చేతులూ సముద్రం వైపు జోడించి, తప్పు కాయమని గంగమ్మని వేడుకుంది. సముద్రం ఎప్పట్లాగే ఒక అల పంపి వెనక్కి తీసుకుంది.

సింహాద్రి పెదాలు కదిలాయి. పదకొండు నెలలు వాడని గొంతు, మొదట గాలే వచ్చింది.

"తిట్టేడు వదినా. నేను క్యాను ఆడి మీదకి తోత్తంటే, ఒక్కడికే ఆగుద్దిరా ఎదవా, పట్టుకో, అని తిట్టేడు. తిట్టి వదిలేసేడు."

కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నవ్వింది, కన్నీళ్ళు కారుతూండగానే నవ్వింది. "తిట్టేడా? అయితే ఆయనే" అంది. "బతికినన్నాళ్ళూ తిట్టకుండా ఒక్క మంచిమాట అన్లేదు. మరి మా మీద మొకం తిప్పేసుకున్నావేటిరా?"

"మీరే గదా రాటం మానేసేరు."

"పేరు నోట జారిపోద్దని రాలేదురా నాయనా. నీ మీద కోపవని ఎవడన్నాడు నీకు?"

ఎవరూ అనలేదు. అసలు ఎవరూ ఏమీ అనకపోవడం వల్లే ఇదంతా వచ్చింది. పోయిన ప్రాణాలు దారి తప్పకూడదని ఊరంతా నోరు కట్టుకుంటే, బతికిన ప్రాణం దారి తప్పింది. నూకరత్నానికి ఆ క్షణంలో అది తెలిసింది. ఆ నోరు కట్టుకున్నవాళ్ళలో తనూ ఉందని కూడా తెలిసింది.

కాశమ్మ లేచి తాడు పట్టుకుంది. సింహాద్రి కాసేపు తన అరచేతులు చూసుకుని, మోకాళ్ళ మీద లేచి, తాడు మీద చెయ్యి వేశాడు. గవర్రాజు మళ్ళీ పదం ఎత్తుకున్నాడు. తెర మీద ఎర్రది పచ్చబడింది. నూకరత్నం తన నుదుటికి తనే పట్టీ కట్టుకుని, మీట నొక్కి, పరిగెత్తి వెళ్ళి తమ్ముడి వెనక తాడు అందుకుంది. ఆఖర్న ఆవిడ దీపం కూడా వెలిగాక దారి తెరుచుకుంది.

తర్వాత జరిగింది చెప్పడం కొంచెం కష్టం. నూకరత్నం ఆ రోజు నుంచీ చాలామందికి చెప్పి చూసింది, ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. మొదట అరచేతుల్లో చల్లగా అనిపించింది. తర్వాత గుండెల్లోకి ఒక సముద్రం వచ్చింది. ఆవిడ ఎన్నడూ వెళ్ళని దూరపు సముద్రం, నల్లటి నీళ్ళు, చేతిలోంచి జారిపోయిన ఒక చెయ్యి. దాని వెనకే ఖాళీ మంచం మీద ఒకవైపే నలిగిన దుప్పటి వచ్చింది. ఆ వెనక ఎవరిదో ఆసుపత్రి వరండా, ఎవరికో చెప్పలేకపోయిన మాట. ఏది ఎవరిదో తెలియడం లేదు. అరవై నాలుగుమంది ఒకే ఊపిరి తీశారు, ఒకే ఊపిరి వదిలారు. అందరి కళ్ళూ కారుతున్నాయి, ఎవరి అడుగూ తప్పడం లేదు, ఒక్కరూ తాడు వదలడం లేదు. ఇంతమంది ఇంత మోస్తూ ఇన్నాళ్ళూ తన పక్కనుంచే నడిచి వెళ్తున్నారా అనుకుంది నూకరత్నం. ముందు వరసలో వేదవల్లి తెల్లజుట్టు ముడి ఊడిపోయి, చీర కుచ్చిళ్ళు తడిసి, చెయ్యి ఒరుసుకుపోయి నెత్తురొస్తున్నా లాగుతూనే ఉంది.

వల ఒడ్డెక్కింది. ఒక పక్క చేపలు ఎగిరెగిరి పడుతూంటే అటు ఒక్కరూ చూడలేదు. గవర్రాజు ఇసకలో బోర్లా పడుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తూంటే, పక్కనున్నవాళ్ళు ఎందుకని అడక్కుండా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

తెర మీద అరవై నాలుగు గీతలూ ఒక్క గీతయ్యాయి. నాలుగుంబావు వీశెలు. సింహాద్రికీ నాలుగుంబావే, కాశమ్మకీ, గవర్రాజుకీ, డాక్టరుకీ, తాడు పట్టిన ముసలాయనకీ అంతే. వేదవల్లి మొత్తం కూడింది. మొదట రెండువందల డెబ్భై రెండు, ఇప్పుడూ రెండువందల డెబ్భై రెండు. మళ్ళీ కూడి, "ఎక్కడికీ పోలేదు రత్నం, అంతా ఇక్కడే ఉంది" అంది. నుదుటి మీద చెదిరిపోయిన పసుపుబొట్టుతో అలాగే చాలాసేపు సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. పోలమ్మ అమ్మవారి దయ అంది. పాస్టరుగారు ప్రభువు కృప అన్నారు. మీరేమంటారని ఎవరో అడిగితే, నాకు తెలీదండి, నేను కొలిచానంతే, అంది వేదవల్లి.

ఆ తర్వాత కొత్తదిబ్బ కొన్నాళ్ళు కొత్తగా ఉంది. టీకొట్టు దగ్గర మగవాళ్ళు మాటల మధ్యలో ఆగిపోయేవారు. కూరల్లో ఉప్పు మరిచిపోయేవారు. ఒక పెళ్ళిలో తాళి కడుతూండగా సగం పందిరి ఏడ్చింది, పెళ్ళివారు కంగారుపడ్డారు. గవర్రాజు బండి దగ్గరికి జనం ఐసు కొనడానికి కాకుండా ఊరికే కూర్చోవడానికి వెళ్ళడం మొదలుపెట్టారు. వేదవల్లి వారం వారం వచ్చి అందరి నుదుటికీ పట్టీ కట్టి చూసేది. వద్దనుకుంటే తిరిగి ఇచ్చెయ్యొచ్చని ప్రతిసారీ చెప్పేది, ఎవరూ ఇవ్వలేదు. మూడో వారం ఆవిడ కాగితాలు చేత పట్టుకుని ఇంచుమించు పరిగెత్తుకుంటూ వచ్చింది. అంకె దిగుతోంది. నాలుగుంబావు నాలుగైంది. తిని, పడుకుని, పోట్లాడుకుని, పని చేసుకుంటూ మనుషులు దాన్ని అరిగించుకుంటున్నారు. నాలుగు వీశెల్ని మనిషి అరిగించుకోగలడు. నలభై ఒకటిని ఒక్కడూ అరిగించుకోలేడు. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నది ఇదేనని చెబుతూ ఆవిడ ఊరందరి ముందూ ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం నూకరత్నం తల్లి ఇంట్లో అన్నానికి కూర్చుంది. కంచంలో చెయ్యి పెట్టగానే ఏమీ లేకుండానే దుఃఖం ముంచుకొచ్చింది. ముద్ద దిగలేదు. కంచం పక్కకి నెట్టి, గోడకి తల ఆన్చి, నిశ్శబ్దంగా ఏడుస్తూ ఉండిపోయింది. పోలమ్మ సంతకి వెళ్ళింది, ఇంట్లో ఎవరూ లేరనుకుంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. సింహాద్రి బయటికొచ్చి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"ఎందుకేడుత్తన్నావక్కా?"

"తెలీదురా. నాది కాదు."

"నాదే" అన్నాడు సింహాద్రి. గోడకి ఆనుకుని అక్క పక్కనే నేల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "అదెలాగుంటాదో నాకెరికే. కాసేపుంటాది, తరవాత దిగుద్ది. అందాకా నేనిక్కడే కూకుంటాను."